గంటకు నాలుగు వందలు

మార్చి 3, సోమవారం

ఊళ్లో సగం ఇళ్లల్లో నిచ్చెనలెక్కిన మనిషి మా వంటింటి స్టూలు మీంచి పడ్డాడు. పైనున్న డబ్బా అందుకోబోయి! కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉండాలన్నాడు డాక్టరు. మా ఆయన రెండు వారాలకు బేరమాడి చూశాడు, కుదరలేదు.

కారే కుళాయిలు, పట్టని గొళ్లేలు, ఊడిన కప్‌బోర్డు తలుపులు, గోడకు డ్రిల్లింగు. మా ఇల్లు నడిచేది ఈ పనుల మీదే. అవన్నీ చేసేది ఆ చెయ్యే.

మార్చి 5, బుధవారం

ఫోన్ ఆగకుండా మోగుతోంది. అందరినీ ఆరు వారాలు ఆగమంటున్నాడు. కారే కుళాయి ఆరు వారాలు ఆగుతుందా, నా మొహం! నేను వెళ్తానన్నాను. నవ్వాడు. పదకొండేళ్లుగా నీ నిచ్చెన పట్టుకున్నదెవరు, పానా అందించిందెవరు, నువ్వు మర్చిపోయిన స్క్రూలు గుర్తు చేసిందెవరు అని అడిగాను. నవ్వడం ఆపాడు.

అత్తయ్య లోపలికెళ్లి సామాను సంచీ ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. ముందు ఎత్తి చూడవే, మోయగలవో లేదో తెలుస్తుంది అంది. ఎత్తాను. మోయగలను.

మార్చి 6, గురువారం, మధ్యాహ్నం 2

మొదటి పని. టీచరు గారింట్లో సింకు కింద లీకు. తలుపు తీసి నా భుజం మీదుగా మెట్ల వైపు చూసింది, వెనకాల మా ఆయన వస్తున్నాడేమోనని. ఒక్కదాన్నే వచ్చానండీ అన్నాను.

అరిగిన వాషరు మార్చాను. నట్టు బిగించాను. పైపు చుట్టూ పొడి కాగితం చుట్టి, నీళ్లు వదిలి పావుగంట అక్కడే కూర్చున్నాను. కాగితం తడవలేదు. తడవలేదు! ఆ కాగితాన్ని పతకంలా మెళ్లో వేసుకోవాలనిపించింది.

ఎంతివ్వమంటావమ్మా అని అడిగింది. అక్కడ నోరు జారాను. మా రేటు గంటకు నాలుగు వందలు. నేను రెండు వందలన్నాను. ఆవిడ బేరమేం ఆడలేదు. నాతో నేనే బేరమాడుకుని నేనే ఓడిపోయాను.

అదే రోజు, రాత్రి 8

ఆయనకు చెప్పాను. మొదటి పనే కదా, పోనీలే అన్నాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 17, సోమవారం

పదకొండు రోజుల్లో పద్నాలుగు పనులు. టీచరు గారు స్టాఫ్ రూమంతా చాటిందట, పని ఆయనలాగే చేస్తుంది, రేటు మాత్రం సగమే అని. ఇక పిలిచేవాళ్లంతా రెండు వందలు చేతిలో పట్టుకునే తలుపు తీస్తున్నారు. ఇప్పుడు నాలుగు వందలని ఏ మొహం పెట్టుకుని అడగను?

ఒళ్లు హూనమైపోయింది. అయినా ఒక సంగతి రాసుకోవాలి. డ్రిల్ చేసేముందు చిల్లు కింద ఒక పాత కవరు టేపుతో అంటిస్తున్నాను. పొడంతా అందులోనే పడుతుంది. ఒకావిడ చూసి, మీ ఆయన వచ్చిపోతే నాకు గంటసేపు ఊడ్చడమే సరిపోయేది తల్లీ అంది. ఇంటికొచ్చి చెబితే ఆయన మొహం చూడాలి!

మార్చి 26, బుధవారం

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు చాలా గర్వంగా ఉంది.

ఏప్రిల్ 14, సోమవారం

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది. చిన్న చిన్న పనులు చేసుకోవచ్చన్నాడు డాక్టరు. ఆయన దారిలోనే మూడుసార్లు పిడికిలి బిగించి చూసుకున్నాడు.

ఏప్రిల్ 16, బుధవారం

ఒళ్లు మండిపోతోంది. ఎవరి మీదో కాదు, నా మీదే.

తొమ్మిదేళ్ల పాత కస్టమరు ఫోన్ చేశాడు. గీజరు బిగించాలట. ఈయన హుషారుగా, చెయ్యి బాగైంది, నేనే వస్తానన్నాడు. వద్దులే, మీ ఆవిణ్ణి పంపు, ఆవిడైతే సగానికే చేస్తుందిగా అన్నాడట అవతలాయన. ఈయన ఫోన్ నా చేతికిచ్చి వెళ్లి గుమ్మంలో కూర్చున్నాడు.

నా విలువ ఒక్కటే సగం చేసుకున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆయనదీ చేశాను. తల కొట్టేసినట్టయింది. ఆ ఫోన్‌లోనే చెప్పేశాను, ఇకనుంచి ఆయనొచ్చినా నేనొచ్చినా నాలుగు వందలేనండీ అని. ఆడమనిషికి కూడా అంత ఇవ్వాలా అన్నాడు. మీ గీజరుకు ఆ తేడా తెలీదండీ అన్నాను. టక్కున పెట్టేశాడు.

ఏప్రిల్ 17, గురువారం

ఫోన్ మోగలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

మోగింది. రాంగ్ నంబరు.

ఏప్రిల్ 20, ఆదివారం

పోనీ మూడు వందలందామా అన్నాడాయన మెల్లగా. నేనూ నిజానికి అదే అనుకుంటున్నాను. ఇంతలో వంటింట్లోంచి అత్తయ్య అరిచింది, ఇవాళ మూడంటే రేపు మళ్లీ రెండంటారు, పస్తులేం పడుకోవట్లేదు కదా, నోరు మూసుకుని ఆగండి ఇద్దరూ అని. ఆగుతున్నాం.

ఏప్రిల్ 22, మంగళవారం

వాచీ తాత ఫోన్ చేశాడు! రిటైరైన ఆఫీసరు. పని జరుగుతున్నంతసేపూ కుర్చీ వేసుకుని వాచీ చూస్తాడని ఆయనకా పేరు మేమే పెట్టాం. ఎంతమ్మా అన్నాడు. నాలుగు వందలన్నాను. అయితే మీ ఆయన ఖాళీయేనా అన్నాడు. ఖాళీయేనండీ, ఆయనైనా అంతే అన్నాను. ఎవరైనా ఒకటే అయినప్పుడు నువ్వే రా, అతనొస్తే ఇల్లంతా దుమ్మే అన్నాడు.

బాత్రూం తలుపు నేలకు రాసుకుంటోంది. ఎవరో చూసి, తలుపే మార్చాలి, వేలల్లో అవుతుందని చెప్పి వెళ్లారట. తలుపుకేం రోగం లేదు. పై బందు స్క్రూల చిల్లులు లూజైపోయి తలుపు కిందికి జారింది, అంతే. అగ్గిపుల్లలకు జిగురు రాసి చిల్లుల్లో దట్టించి, ఆరాక స్క్రూలు బిగించాను. తలుపు ఒక్క వేలితో మూసుకుంది. తాత నాలుగుసార్లు తీసి మూశాడు.

గంటా పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ వదిలేయమంటాడనుకున్నాను. నాలుగు వందల అరవై ఏడు ఇచ్చాడు, చిల్లరతో సహా. ఇంత అందమైన అంకె నేను జన్మలో చూడలేదు. సంచీ భుజాన వేసుకుని, బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచొచ్చాను.

ఏప్రిల్ 28, సోమవారం

ఫోన్ మళ్లీ మోగుతోంది. ఎవరో కొత్తవాళ్లు నన్ను రమ్మని ఫోన్ చేస్తే ఆయన ఎత్తాడట. మా ఆవిడకు గురువారం దాకా ఖాళీ లేదు, కావాలంటే నేను ఇప్పుడే వస్తానన్నాడట. గురువారం దాకా ఆగుతామన్నారట. రేటు అడగనే లేదట.

ఈ సంగతి వాళ్లమ్మకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి, నాకు వినపడేలా.