అన్నయ్య జువ్విచెట్టు

అన్నయ్యా,

కిటికీ దగ్గర నువ్వు కుండీలో పొట్టిగా పెంచిన జువ్విచెట్టు వేళ్ళు కుళ్ళిపోయాయి. గిలకలదిండి రేవు నుంచి చేపలవేటకి నువ్వెళ్ళిన బోటు తిరిగి రానప్పటి నుంచీ అమ్మ దానికి పూటపూటా నీళ్ళు పోస్తోంది. నేల తడుస్తోందని కుండీ అడుగు చిల్లుకి గుడ్డ కుక్కేసింది.

ఇవాళ చెట్టును పైకి తీసి, నల్లగా మెత్తబడ్డ వేళ్ళన్నీ కత్తిరించాను. తెల్లటివి కొన్నే మిగిలాయి. గుడ్డ లాగేసి, ఇటుక ముక్కలూ ఏటి ఇసకా వేసి మళ్ళీ నాటాను.

"మట్టి ఆరితేనే పొయ్యాలమ్మా, లేకపోతే ఇదీ దక్కదు," అని బతిమాలాను.

"ఉప్పునీళ్ళల్లో ఉన్నాడే మీ అన్న. దాహమెయ్యదా?"

ఇదీ పోతే అమ్మను ఎలా నిలబెట్టుకోవాలో నాకు తెలియడం లేదు, అన్నయ్యా. ఇప్పుడు చెంబు పక్కన పెట్టుకుని, మట్టిలో వేలు గుచ్చి కూర్చుంది. ఆరిందా అని నన్ను అడుగుతూనే ఉంది.