నీ జోల, నా గొంతు

చిరంజీవి సౌభాగ్యవతికి,

నీకు తొందరగా నయం కావాలని పొద్దున లేస్తూనే తలుచుకునే మీ ఆయన రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అమ్మగారు, పాప ముగ్గురం బాగున్నాం. ఆ ఊరి ఆసుపత్రిలో నీకు జ్వరం తగ్గిందనీ, దగ్గు కాస్త తెరిపిచ్చిందనీ చదివి మనసు కుదుటపడింది.

అడిగినవాటికి ముందు జవాబులు. పాప బరువు పెరుగుతోంది. నెలలు నిండని పిల్ల కదా, ఇంకా గాజుపెట్టెలోనే ఉంచారు. నర్సమ్మ దానికి 'పిడికెడు' అని పేరు పెట్టింది. వార్డంతా ఇప్పుడు అదే పేరు. "మా పిడికెడు పాలు తాగిందా?" అని ఊడ్చే ఆవిడ కూడా అడుగుతుంది. నేను వేళకు తింటున్నాను. నేను తినకపోతే మీ అమ్మగారు ఊరుకుంటే కదా. కొట్టు పొద్దున కాసేపు తెరుస్తున్నాను. బాగుచెయ్యాల్సిన రేడియోలు, టేపురికార్డర్లు బల్ల మీద గుట్టపడ్డాయి. ఎవరూ విసుక్కోవడం లేదు, పాపం.

ఇక నీ జోల వింటే పాప ఏం చేస్తుందని అడిగావు.

నువ్వు జోల పాడి పంపిన క్యాసెట్టు అందిన రోజే గాజుపెట్టె పక్కన చిన్న టేపురికార్డర్ పెట్టి, గుసగుసంత చప్పుడుతో వేశాం. పిల్ల ఒకటే ఏడుపు. తెర మీద గుండె అంకె నూట ఎనభై దాటింది. నీ గొంతు మొదలైంది. ఏడుపు సన్నబడింది, పిడికిలి విడింది, చూస్తుండగానే అంకె నూట యాభైకి దిగింది. డాక్టరమ్మ నవ్వింది. "దీని నరాలు ఇంకా పచ్చివండీ. తలుపు దబ్బున పడితే చాలు, గుండె పరుగెడుతుంది. ఒకే తీరున మెల్లగా సాగే పాట వింటే ఊపిరి దాని వెంట నడుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. ఏడుపుకు పోయే బలం ఒంటికి పడుతుంది" అంది.

మూడు రోజులు అలాగే సాగింది. ఆ తర్వాత సంగతి రాయడానికి కలం రెండుసార్లు కింద పెట్టి మళ్లీ తీశాను. దాచి లాభం లేదు. నీ పాట చెరిపేశాను. ఇంకెవరో కాదు, నేనే.

కాన్పు కాగానే నిన్ను ఆ ఆసుపత్రికి పంపేశారు, పాప ఏడుపు నువ్వు వినలేదు కదా. నీ పాట అయ్యాక టేపు చివర ఖాళీ ఉంది. అందులో ఏడుపు పట్టి, కొట్లో కాపీ తీసి నీకు పంపుదామనుకున్నాను. నర్సమ్మ టేపు మొదటికి తిప్పి పెట్టిందని చూసుకోలేదు. కళ్లు పిల్ల మీద పెట్టి, వేళ్లు మీటల మీద పెట్టాను. అది ఏడుపు ఆపేదాకా రికార్డు చేస్తూనే ఉన్నాను. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాను, ఇష్టమైన పాట ఉంటే క్యాసెట్టు వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచెయ్యండి, ఇక ఎవరూ చెరపలేరు అని. ఊరందరి క్యాసెట్లకూ విరిచిన మనిషిని, ఆ ఖాళీ మీద ఆశతో నీదానికి మాత్రం విరవలేదు. ఆ పాట కోసం నువ్వు మూడుచోట్ల ఆగి దగ్గావు. ఆ దగ్గులు కూడా చెరిపేశాను.

అంతటితో ఆగానా? "నీ పాట వింటూ హాయిగా నిద్రపోతోంది" అని పోయిన ఉత్తరంలో రాశాను. అప్పటికే టేపులో నీ పాట లేదు. నువ్వేమో "నా గొంతు దాన్ని నిలబెడుతోందంటే నేనూ నిలబడతాను" అని జవాబు రాశావు. అది చదివినప్పటి నుంచి అన్నం సగంలోనే వదిలి లేస్తున్నాను. ఇందాక వేళకు తింటున్నానని రాసింది కూడా సగం అబద్ధమే.

అప్పటి నుంచి పాడుతున్నది నేను. నవ్వకు. నీ జోలే. రెండు చరణాలు వచ్చు, మూడోది లాలాలతో నింపేస్తాను. మొదటిరోజు అది నిద్రపోతే మీ అమ్మగారు అద్దం అవతల నుంచి "అల్లుడుగారూ, నిద్రపోయిందా, స్పృహ తప్పిందా?" అన్నారు. గుండె నిజంగానే నెమ్మదించింది. కానీ నీకు దక్కాల్సిన నిద్రను దొంగిలిస్తున్నట్టే ఉంది నాకు. నువ్వు వచ్చేసరికి అది నీ గొంతు మరిచిపోతే ఏ మొహం పెట్టుకుని నీ ఎదుట నిలబడను?

నిన్న మధ్యాహ్నం, ఏమైనా మిగిలిందేమోనని టేపు చివరిదాకా వేశాను. నా తప్పు ఆగిన చోట నీ మాటలు ఉన్నాయి. పాట అయ్యాక నువ్వు నన్ను తిట్టినవి. పాట అవగానే టేపు ఆపేసేవాళ్లం కదా, ఇన్నాళ్లూ వినలేదు. "ఏవండీ, క్యాసెట్టు ఎక్కడో పెట్టేసి ఇల్లంతా వెతక్కండి. మీ పరధ్యానం నాకు తెలీదా?" అంతే, ఆ తర్వాత చివరిదాకా ఖాళీ. పిడికెడు కళ్లు తెరిచి కదలకుండా విన్నది. అంకె నా పాటకు దిగినదానికంటే ఇంకా కిందికి దిగింది. నర్సమ్మ మళ్లీ వెయ్యమంది, మళ్లీ అంతే. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఈ ఉత్తరంతోపాటు కొత్త క్యాసెట్టు పంపుతున్నాను. నెల దాకా పాడొద్దని మీ డాక్టరుగారు అన్నారుగా, పాడకు. నన్ను తిట్టు. గొంతు పెంచకుండా, ఇంట్లో ఎలా తిడతావో అలాగే. దగ్గు వస్తే ఆగి మళ్లీ మొదలుపెట్టు. నీ కడుపులో ఉన్నన్నాళ్లూ అది విన్నవి ఆ తిట్లే కదా, ఇట్టే గుర్తుపడుతుంది. ఇన్నాళ్లూ చిన్న చిన్నవాటికి తిట్టావు, ఈసారి తగిన కారణం ఇచ్చాను.

తిట్టడం అయ్యాక ఆ ప్లాస్టిక్ ముక్క నువ్వే విరిచి పంపు. నా చేతికి వదలకు.

ఇట్లు,
మన్నించమని అడగడానికి నోరు రాని నీ పరధ్యానం మనిషి,
పిడికెడు నాన్న