చెల్లెలి పేరు బదులు నా పేరు

ప్రజారోగ్య లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇంట్లో పెంచిన ఆకుమందుల విక్రయంలో జరిగిన పొరపాటుపై నా చెల్లెలి పేరున జారీ అయిన నోటీసులో ఆమె పేరు తీసివేసి, నా పేరు నమోదు చేయవలసిందిగా కోరుట గురించి.

తమ కార్యాలయం పంపిన నోటీసు అందినది. రెండుసార్లు చదువుకున్నాను. "విక్రేత పరధ్యానం వలన" ఒక దర్జీకి దగ్గుమందు బదులు విషపు ఆకు ఇవ్వబడినదని, వచ్చే మంగళవారం విచారణలో సరైన సమాధానం లేనిచో సదరు విక్రేతను మూలికలు పెంచుట, ఆరబెట్టుట, ఇచ్చుట, అమ్ముటల నుండి జీవితాంతం నిషేధించెదరని అందులో ఉన్నది. రాసినదంతా బాగానే ఉంది. పేరు ఒక్కటే తప్పు. అది ఎలా తప్పో కింద మనవి చేసుకుంటున్నాను.

1. మేము ఇద్దరం. నేను పెద్దదాన్ని, యాభై ఆరేళ్లు. చెల్లెలికి ముప్పై తొమ్మిది. అమ్మ పోయాక దాన్ని నేనే పెంచాను. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక బాల్కనీ, బాల్కనీలో నలభై ఒక్క కుండీలు. నీళ్లు పోసి, ఆకు కోసి, కడిగి, నీడలో ఆరబెట్టడం నా పని. ఏరి, నలిపి, పొట్లాలు కట్టి, వచ్చినవారికి ఇవ్వడం చెల్లెలి పని. పంతొమ్మిదేళ్లుగా ఈ ఆకులతోనే ఇల్లు గడిచింది. లైసెన్సు ఆమె పేరున తీసుకోవడానికి ఆమె సంతకం అందంగా ఉంటుందని తప్ప వేరే కారణం లేదు.

2. మా తట్టలకు చీటీలు అంటించి ఉండవు. ఇది నేరమని జప్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు అన్నారు. ఒప్పుకుంటున్నాను. ఎండి నలిగిన తర్వాత ఏ ఆకైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చెల్లెలు చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేది. వీధిలో ఆమెను ముక్కు డాక్టరమ్మ అంటారు. ఎదురుగా ఉన్న మందుల షాపతను ఒకసారి ఆమె కళ్లకు గంతలు కట్టి పదకొండు ఆకులు వరసగా వాసన చూపించాడు. పదకొండూ చెప్పింది. చెప్పి, "పన్నెండోది నీ చెయ్యి బాబూ, సబ్బు పెట్టి కడుక్కో" అంది. అప్పటి నుంచి అతనూ తన ఇంటివరకు దగ్గుకు మా దగ్గరే తీసుకెళ్తున్నాడు. షాపులో మాత్రం ఈ సంగతి చెప్పవద్దన్నాడు.

3. నెలన్నర క్రితం చెల్లెలికి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన కొద్ది రోజులకు పొయ్యి మీద పాలు మాడిపోయాయి. నేను బాల్కనీలో ఉన్నాను, అక్కడికే కమురు కొట్టింది. లోపలికి వచ్చేసరికి చెల్లెలు పొయ్యికి రెండడుగుల దూరంలో, అటు వీపు పెట్టి కూర్చుని, పొట్లాలు కడుతోంది. నేను వచ్చి పొయ్యి కట్టేశాక తలెత్తి, చూసుకోలేదక్కా అంది. ఆ మధ్యాహ్నం అది పుదీనా రెమ్మ తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ నలిపి, మళ్లీ పెట్టుకోవడం తలుపు పక్క నుంచి చూశాను. దానికి వాసన పోయింది. పోయిందని అది నాకు చెప్పలేదు. నాకు తెలిసిపోయిందని నేను దానికి చెప్పలేదు.

4. ఎందుకు చెప్పలేదని విచారణలో అడుగుతారు. నేను అడిగితే అది ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఈ పని మానుకోవాలి. దానికి వేరే పని రాదు, నేర్పించవలసినదాన్ని నేను నేర్పించలేదు. దానంతట అదే ఒకరోజు నోరు విప్పుతుందని ఊరుకున్నాను. ఈలోగా ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఆకు అందించేటప్పుడల్లా ఏదో నాలో నేను అనుకున్నట్టు ఆ ఆకు పేరు పైకి అనేదాన్ని. "ఇదిగో అడ్డసరం." "ఇది నేలవేము, బాగా ఎండలేదు." అది ఎప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకుని, ఊఁ కొట్టి, పొట్లం కట్టేది. అలా నెల రోజులు ఒక్క పొరపాటూ జరగలేదు. రోజూ పొద్దున్న ప్రార్థనలో దాని వాసన దానికి తిరిగి ఇమ్మని అడిగేదాన్ని. నెల రోజులు దేవుడికి చెప్పిన మాట, పక్కన కూర్చున్న మనిషికి ఒక్కసారి చెప్పలేదు. నోటీసులో పరధ్యానం అని ఎవరి గురించి రాశారో గాని, ఆ మాట నాకు సరిపోతుంది.

5. పోయిన ఆదివారానికి ముందు ఆదివారం ఉదయం నేను ప్రార్థనలో ఉండగా దర్జీ వచ్చాడు. గుమ్మంలో నిలబడి దగ్గుతున్నాడు, కొట్టు తెరవాలి త్వరగా ఇవ్వమన్నాడు. కట్టి ఉంచిన పొట్లాలు అయిపోయాయి. వెనుక గదిలో రెండు తట్టలు ఆరుతున్నాయి. గోడవైపుది దగ్గుకు ఇచ్చే అడ్డసరం. కిటికీ దగ్గరిది కీళ్ల వాపులకు పైన కట్టే ఉమ్మెత్త, అది నోట్లో పెట్టుకోకూడదు. కిటికీ దగ్గరి తట్ట కదిపితే కిటికీ రెక్క గోడకు తగిలి చప్పుడవుతుంది. ఆ చప్పుడు విన్నాను. కళ్లు మూసుకునే విన్నాను. ప్రార్థన ఇంకా మూడు వాక్యాలు ఉంది. పూర్తి చేసి లేచాను.

లేచి, ఏం ఇచ్చావని అడిగాను. దగ్గుమందు అంది. వాసన చూశావా అన్నాను. "చూశానక్కా, ఎప్పుడు చూడలేదు?" అంది.

చెప్పులు వేసుకోకుండా దిగాను. దర్జీ కొట్టు రెండు వీధుల అవతల, అతను సైకిలు మీద వెళ్లాడు. నేను వెళ్లేసరికి అతను పక్క టీకొట్టులో మరుగుతున్న నీళ్లలో ఆకు వేయించుకుని సగం గ్లాసు తాగాడు, మిగతా సగం చల్లారబెట్టుకున్నాడు. ఆ సగం పారబోసి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ మూడు వాక్యాలు నేను వదిలేసి ఉంటే అతను మెట్ల మీదే దొరికేవాడు. నోటీసులో ఇది లేదు, చేర్చవలెను.

6. ఆసుపత్రిలో దర్జీ రెండు రోజులు ఈ లోకంలో లేడు. మంచం మీద కూర్చుని పైన తిరిగే ఫ్యానుకు చొక్కా కొలతలు తీశాడు. కొలతలు సరిగ్గానే తీస్తున్నాడని అతని భార్య నాతో అంది, అని ఏడ్చింది. ఇప్పుడు ప్రాణభయం లేదు. చూపు మాత్రం ఇంకా మసకగా ఉంది, సూదిలో దారం ఎక్కించుకోలేడు. రోజూ పొద్దున్నే వెళ్లి రోజుకు సరిపడా సూదులకు దారం ఎక్కించి వస్తున్నాను. ఇంత చేసినా దగ్గు మాత్రం పోలేదమ్మా అంటాడు. కోపంగా అనడు. అంటే బాగుండేది.

మందు ఎవరిచ్చారని ఆసుపత్రి రిజిస్టరు దగ్గర అడిగినప్పుడు చెల్లెలు నా వెనుకే వచ్చి నిలబడి ఉంది. నేనే ఇచ్చాను, పరధ్యానంగా ఉన్నాను అంది. వాసన సంగతి అక్కడా చెప్పలేదు. నేను నోరు తెరిచేలోపు రాసేశారు. నిజానికి తెరిచేంత వ్యవధి ఉంది. ఆ రోజు నుంచి చెల్లెలు ముందు గదిలో గోడవైపు తిరిగి పడుకుంటోంది. పిలిస్తే లేచి తింటుంది. నేను ఏ పనీ ఆపలేదు. నాకు ఏడుపు రావడం లేదు, అది కూడా తప్పులోకి వస్తుందేమో తెలియదు.

7. జప్తు గురించి. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి అన్ని కుండీలనూ జాబితా రాశారు. ఆకు ఒకటి, ఆకు రెండు, అలా ఆకు నలభై ఒకటి వరకు రాసి బాల్కనీ తలుపుకు సీలు వేశారు. పుదీనా "ఆకు పదిహేడు". సీలు వేస్తూ, వారి తల్లిగారికి మోకాళ్ల నొప్పులని, మా దగ్గర ఏమైనా ఉందా అని మెల్లగా అడిగారు. ఉండేదని చెప్పాను. ఆరు రోజులుగా మొక్కలకు నీళ్లు లేవు. అద్దంలోంచి కనబడుతున్నాయి.

8. పేరు మార్పు కోసం నిన్న తమ కార్యాలయానికి వచ్చాను. కిటికీ దగ్గరి గుమస్తాగారు మర్యాదగానే మాట్లాడారు. "లైసెన్సు మీ పేరుకు మార్చమంటే మారుస్తానమ్మా. తప్పు మార్చమంటే దానికి ఫారం లేదు" అన్నారు. పేరు మార్పు ఫారం కుళాయికి ఉంది, కరెంటు మీటరుకు ఉంది, ఇంటికి ఉంది. నేను కదలకపోయేసరికి కుళాయి ఫారం ఇచ్చారు. అందులో "కుళాయి" అన్నచోట కొట్టివేసి "తప్పు" అని రాశాను. మార్పుకు కారణం అన్న గడిలో చోటు చాలక ఈ అర్జీ రాయవలసి వచ్చింది.

కావున, తమరు దయతో నోటీసులోని పేరు మార్చి, నిషేధం తప్పనిసరైతే దాన్ని నా మీద వేయవలెను. నాకు యాభై ఆరు. జీవితాంతం అన్నది నా విషయంలో తక్కువలో తెమిలిపోతుంది, తమ రిజిస్టరుకూ శ్రమ తగ్గుతుంది. చెల్లెలికి ఇంకా చాలా ఉంది. వాసన తిరిగి వస్తే వస్తుంది, రాకపోతే చీటీలు అంటించుకుని అమ్ముకుంటుంది. చీటీలు నేను రాసి పెడతాను, అది నిషేధంలో లేదనుకుంటాను. మంగళవారం లోపల ఒక్కసారి సీలు తీయించి మొక్కలకు నీళ్లు పోయనివ్వవలెను.

పై సంగతులు తాము నిదానంగా చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
నోటీసు అందుకున్నామె అక్క
మూడో అంతస్తు, వెనుకవైపు వాటా

తా.క.: పేరు మార్పుకు మొదటి పేరు గలవారి సంతకం కూడా తప్పనిసరి అని ఫారం వెనుక చిన్న అక్షరాల్లో ఉంది. పైదంతా రాసిన తర్వాత చూశాను. మళ్లీ వేరేగా రాసే ఓపిక లేదు. అందుచేత దీన్నే చెల్లెలి చేతికిచ్చాను.

లేచి కూర్చుని చదివింది. చాలాసేపు పట్టింది. కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే, "ఆకు చేతికిస్తూ పేర్లు చెప్పింది అందుకా" అంది.

అవునన్నాను.

"నీకు మతిమరుపు మొదలైందేమో అనుకున్నానక్కా. మరిచిపోకుండా పైకి చెప్పుకుంటున్నావనుకున్నాను. నిన్ను అడిగితే భయపడతావని అడగలేదు. నేనూ దణ్ణం పెట్టుకున్నాను."

అర్జీ మడిచి నా చేతికిచ్చింది. ఫారం తీసుకుని, తన పేరు మీద నేను గీసిన గీత పక్కన మళ్లీ తన పేరు రాసింది. నా పేరు కొట్టలేదు. కింద సంతకం పెట్టింది, నన్నూ పెట్టమంది. ఆ గడిలో ఒక్క పేరుకే చోటుందని తెలుసు. తమరు ఏ పేరు పిలిచినా మంగళవారం ఇద్దరమూ వస్తాము.