కుక్కల దుకాణంలో వేణ్ణీళ్లు

చెల్లీ,

నీ నడుంనొప్పి ఎలా ఉంది? మరిదిగారి దగ్గు తగ్గిందా? పెద్దాడి కళ్లకలక పోయిందా? నాకిక్కడ ఒకటే బెంగ.

మా కుక్కకి స్నానం చేయించమని నువ్విచ్చిన గిఫ్టు కార్డు నేను వాడలేదు. అది నీళ్లు చూస్తే మంచం కింద దూరుతుంది. వాడకుండా ఉన్న కార్డులు పోగుచేసి పేదవాళ్లకు పంచేవాళ్లు వస్తే ఇచ్చేశాను, కోపం తెచ్చుకోకు. వాళ్లు దాన్ని మా వీధి ఇస్త్రీ ఆమెకి ఇచ్చారు. ఆమెకి కుక్క ఎక్కడిది? ముసలి అత్తగారుంది. ఇంట్లో వేణ్ణీళ్ల వసతి లేక, ఈ చలికి ఆవిడ ఒళ్లు తడిపి ఎన్నాళ్లయిందో. కోడలు ఆ కార్డు పట్టుకుని కుక్కలకు స్నానం చేయించే దుకాణానికి ఆవిణ్ణే తీసుకుపోయింది.

“ఇక్కడ కుక్కలకేనమ్మా” అన్నాడట దుకాణంవాడు.

“కరవనులే నాయనా, నీళ్లు పొయ్యి” అందట ఆవిడ. పుస్తకంలో రాయడానికి కుక్క పేరు అడిగితే కోడలి పేరు చెప్పిందట!

ఆ కార్డు నాదని తెలిసి ఆవిడ మెడలో రిబ్బనుతో ఘుమఘుమలాడుతూ వచ్చి, “ప్రాణం లేచొచ్చిందమ్మా” అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు తమకూ కార్డు కావాలని వీధిలో ముసలాళ్లంతా నా గుమ్మంలోనే ఉన్నారు. దుకాణంవాడు పోలీసులను పిలుస్తాడేమోనని నాకు కంటిమీద కునుకు లేదు.

అయినా ఇంకొన్ని కార్డులు కొనుక్కురా. వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరు. పదింటికి ఆ దుకాణంలోనే మనిద్దరికీ స్నానం చెప్పి ఉంచాను.

మీ అక్క