గుర్జి మీద ట్యాంకరు నీళ్లు

మంగళవారం. ఆషాఢం సగమైంది, చినుకు లేదు.

వాన కోసం ఈ ఏడూ గుర్జి నేనే మోశాను. నెత్తిన రెండు చేతులా పట్టుకున్న పెనం, దాని మీద పేడబొమ్మ. ఇంటింటా చెంబెడు నీళ్లు పోయాల్సినవాళ్లు ఈసారి వేళ్లతో చిలకరించి పంపేశారు. నాకు ఒళ్లు మండింది. నేరుగా మైనింగ్ రోడ్డుకు పోయి, ఎర్రదుమ్ము అణగడానికి నీళ్లు చల్లే ట్యాంకరుకు అడ్డం నిలబడ్డాను.

"పోయప్పా, మీ గని సావుకారు పుణ్యానన్నా వానొస్తాది!"

డ్రైవరు దిగి పైపు నా మీదికే తిప్పాడు. చూస్తున్నవాళ్లంతా పగలబడి నవ్వారు.

పక్కింటి నారాయణమ్మత్త మాత్రం నవ్వలేదు. బిందె తెచ్చి నా మోచేతుల కింద పట్టింది.

"కదలద్దు ఓబుళప్పా, నీళ్లు పోతాండాయి."

"ఈ ఎర్రనీళ్లు నీకెందుకత్తా?"

"మేక తాగుతాదిలే. అయినా ఇవి మా బోరు నీళ్లే గదప్పా."

నిజమే. ఆమె కొడుకు శెనక్కాయ వేయడం మానేసి బోరు నీళ్లు ట్యాంకరుకు అమ్ముతున్నాడు. పంట కంటే నీళ్లకే ఎక్కువ వస్తుందంటాడు. తప్పనలేను, వానను నమ్మి రెండేళ్లు మునిగినవాడు. బోరు అడుగంటాక ఏం అమ్ముతాడో వాడూ చెప్పడు, నేనూ అడగలేదు.

ఎందుకడుగుతాను? రేపు పొద్దున్నే ట్యాంకరు నా బోరు దగ్గరికి వస్తుంది. నిన్ననే సరేనన్నాను.

రెండుసార్లు స్నానం చేసినా చెవుల్లోంచి ఎరుపు వస్తూనే ఉంది. ఊరందరినీ ఆటపట్టించే నన్ను కదలద్దని ఇంతవరకు ఎవరూ అనలేదు. బిందె నిండేదాకా బొమ్మలా నిలబడ్డాను. ఇప్పుడు మంచం మీద కూర్చున్నా, మోచేతుల కింద ఆ బిందె ఉన్నట్టే ఉంది. కదలాలంటే భయంగా ఉంది.