తల్లి పేరు అని ఉన్న గడి

బ్రూక్లిన్ పార్క్, మినెసోటా
9 అక్టోబరు 2025

చిరంజీవి యాస్సాకు,

మీ అక్క కోర్టో ప్రేమతో, ప్రార్థనతో రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది, మోకాళ్ళ సంగతి మాత్రం అడగకు. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఒక్కదానివీ ఎలా ఉంటున్నావోనని రోజూ దిగులే. ఓడకెత్తించిన పీపాలో బియ్యం, నీ చెప్పులు పంపాను. అందాయా?

పోయిన ఆదివారం ఫోనులో, నీకు గ్రీన్ కార్డు వచ్చిందటగా, మీ చర్చి కెబ్బే ఆంటీ ఫోను చేసి చెప్పింది, మరి నన్నెప్పుడు పిలిపిస్తావే అక్కా అని అడిగావు. లైను బాగాలేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది. ఫోనులో చెప్పే మాట కాదది. అందుకే ఈ ఉత్తరం రాసి, మీ మన్రోవియా వస్తున్న మా పాస్టరమ్మ చేతికిస్తున్నాను.

కార్డు వచ్చిన మాట నిజమే. అమ్మను మట్టి చేసిన పదకొండో రోజున వచ్చింది. అది లేకుండా దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. దానికి కాస్త తొందరుంటే నేనూ వచ్చి ఆమె మొహం చూసుకునేదాన్ని.

నిన్న సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్ళాను. మన దగ్గర ఎబోలా జబ్బు వచ్చిన ఏడాది ఇక్కడ తాత్కాలికంగా ఉండనిచ్చినప్పుడు ఇచ్చిన పాత సోషల్ సెక్యూరిటీ కార్డు మీద, ప్రభుత్వ అనుమతి ఉంటేనే దీంతో పని చేయాలని ఒక లైను ఉంటుంది. వృద్ధాశ్రమంలో పదేళ్ళుగా ముసలివాళ్ళను ఎత్తి దించుతున్నాను. అయినా అక్కడి ఆఫీసు గదిలో అమ్మాయి అస్తమానం ఆ లైను మీద వేలు పెట్టి, నీ పర్మిట్ ఇంకా ఉందా కోర్టో అని అందరిముందూ అడిగేది. గ్రీన్ కార్డు చూపిస్తే అదే నంబరుతో, ఆ లైను లేని కార్డు ఇస్తారు.

మనవాళ్ళ సంగతి తెలుసుగా, చేతికి కాగితం వస్తే చాలు, ప్లాస్టిక్ వేయించందే నిద్రపట్టదు. కిటికీ వెనకాయన నా పాత కార్డు చూసి, ఏంటమ్మా, మీవాళ్ళంతా పాపం దీనికి ఊపిరాడనివ్వరేం అన్నాడు. మా ఊళ్ళో ఒక్క వానాకాలం ఉండి చూడు నాయనా, తెలుస్తుంది అన్నాను. ఇద్దరం నవ్వాం. నిన్న నవ్వింది ఆ ఒక్కసారే.

ఫారంలో తల్లి పేరు అని ఒక గడి ఉంది. గర్మయ్ అని రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఎలాగో పూర్తిచేసి, రాసిందంతా నిజమని కింద సంతకం పెట్టాను. రెండు వారాల్లో పోస్టులో వస్తుంది, ఇక ఎక్కడైనా హాయిగా పని చేసుకో తల్లీ అన్నాడాయన. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చాను. ఎవరో పెద్దావిడ నా చేతిలో గ్రీన్ కార్డు చూసి ఆనందబాష్పాలనుకుని, నాకూ అలాగే అయిందమ్మా అని వీపు నిమిరింది.

ఇక నువ్వడిగినదానికి జవాబు. నిన్ను పిలిపించుకోలేను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు మొగుణ్ణో పిల్లల్నో పిలిపించుకోవచ్చు, చెల్లెళ్ళకు దారి లేదు. పౌరసత్వం వచ్చాక అడగొచ్చుగానీ ఆ వరసలో నిలబడితే నీ జుట్టు నెరిసిపోతుంది. నీకు లేని ఆశ పెట్టడం నావల్ల కాదు. కోపమొస్తే తిట్టడానికైనా ఫోను చెయ్యి.

నీ అక్క,
కోర్టో

తా.క. సంతకం పెట్టాక కవరు అంటించలేకపోయాను. నువ్వు నా చెల్లెలివి కావు యాస్సా. పదిహేడేళ్ళప్పుడు నేను కన్న కూతురివి. నా చదువు ఆగకూడదని అమ్మ నిన్ను తన ఆఖరి బిడ్డవని ఊరంతా చెప్పి, జనన పత్రంలో తన పేరే వేయించింది. మనలో ఇలా పెరిగినవాళ్ళు ఎంతమంది లేరు! గ్రీన్ కార్డు ఫారాలు ఇక్కడి మా చర్చి హాల్లో నింపారు. పిల్లలెంతమంది సిస్టర్ అని ఫారాలు నింపి పెడుతున్న బ్రదర్ ఫ్లోమో గట్టిగా అడిగాడు. వరసలో నా వెనకే కెబ్బే ఉంది, విన్నదల్లా ఊరికి ఫోను చేసి చెప్పే మనిషి. మర్నాటికి ఊళ్ళో అమ్మ పరువు పోతుందని, లేరు అన్నాను. అయితే సున్నా అని రాశాడు. కూతురివని చెప్పి ఉంటే ఇవాళ నిన్ను పిలిపించుకునేదాన్ని. ఇప్పుడు చెబితే అబద్ధమాడినందుకు నా కార్డే లాక్కోవచ్చని లాయరు అంటున్నాడు. అప్పుడు నీకు పీపా పంపే దిక్కు కూడా ఉండదు.

ఇది చదివి చించెయ్. నీకు ఎప్పుడైనా ఇలాంటి ఫారమొస్తే, తల్లి పేరు దగ్గర గర్మయ్ అనే రాయి. నా పేరు రాయకు.