జడగంట

మే 3
ఉతికినవి: దుప్పట్లు. కుట్టినవి: దిండు గలీబులు. మిగిలింది: ఈ ఉత్తరం.

చెల్లికి ఆశీస్సులు,

బుజ్జి సెలవులకు మీ ఇంటికి క్షేమంగా చేరిందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. తొమ్మిదేళ్లొచ్చినా నన్ను వదిలి ఒక్క రాత్రీ ఉండలేదు. జడకు కట్టిన గంట మాత్రం విప్పనివ్వకు. ఆ చప్పుడు వింటూనే నేను ఇల్లు చక్కబెట్టుకుంటాను.

ఇట్లు,
అక్క

తా.క.: మెట్లు, ఎండ, గాలి, నీళ్లు, సైకిల్ వద్దు. మిగతావన్నీ దాని ఇష్టం.

మే 7
అక్కకి నమస్కారాలు,

గంట బ్రహ్మాండంగా మోగుతోంది. కుట్టుమిషను దగ్గర కూర్చునే వింటున్నాను. పొద్దున పాలగిన్నె దగ్గర, మధ్యాహ్నం మంచం కింద. ఇల్లు కదలదు. ఎంత బుద్ధిమంతురాలో!

నీ చెల్లి

తా.క.: నిన్న అల్మారా పైనుంచి వినిపించింది. ఎలా ఎక్కిందో!

మే 11
చెల్లికి,

అల్మారా పైనా! మంచం కిందికెందుకు దూరుతోంది? కసిరావా? పాలు గిన్నెలోనే తాగుతోందా, మీ ఇంట్లో గ్లాసుల్లేవా? ఇంకొక్కటి జరిగిందంటే వచ్చి తీసుకుపోతాను. మళ్లీ పంపను.

కంగారులో ఉన్న
అక్క

తా.క.: గంట లేక ఇల్లు దూదిలో చుట్టినట్టుంది. పరదాలు ఊగే చప్పుడు కూడా వినిపిస్తోంది.

మే 14
అక్కా, కూర్చుని చదువు.

నిన్న గంట పక్కింటి గోడమీద మోగింది. పరుగెత్తి చూస్తే మా పిల్లి! మెడలో మన బుజ్జి రిబ్బనుతో కట్టిన గంట. వచ్చిన రోజే కట్టేసిందట. "అమ్మకి గంట మోగుతుంటే చాలు కదా పిన్నీ" అంది. ఇన్నాళ్లూ బుజ్జి సందు చివర నా పాత సైకిల్‌తో కుస్తీ పడుతోంది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

సాయంత్రం సీటు వెనక పట్టుకున్నాను. చిన్నప్పుడు నువ్వు నన్ను వదిలినట్టే చెప్పకుండా వదిలేశాను. ఎండ వాలిన వీధిలో తేలుతూ వెళ్లింది. మలుపు దగ్గర వెనక్కి చూసి చెయ్యి ఊపింది.

చెల్లి

తా.క.: ఇప్పుడు "బుజ్జీ" అంటే పిల్లే వస్తోంది.

మే 18
దులిపినవి: అల్మారాలు. మాడింది: కూర, నీ ఉత్తరం వల్ల.

చెల్లికి,

చదవగానే పెట్టె సర్దాను. చెప్పులేసుకుని గుమ్మంలో ఆగిపోయాను.

ఆ రోజు నేను వదల్లేదే. నువ్వే లాక్కుని పోయావు. వీధి చివరిదాకా నీ గౌను ఎగురుతూ కనిపించింది, తర్వాత అదీ లేదు. ఒక్కసారి వెనక్కి చూడలేదు. ఖాళీ చేతులతో రోడ్డుమీద నిలబడిపోయాను. ఇప్పటికీ కలలో అక్కడే నిలబడి ఉంటాను.

నిన్నటి కలలో ఎవరో మలుపు దగ్గర చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

పెట్టె విప్పేశాను. సెలవులయ్యేదాకా ఉండనివ్వు.

అక్క

తా.క.: పిల్లిని మాత్రం గంటతో సహా పంపు. నాకు నిద్ర పట్టాలి.

ఇంకోటి: వెనక్కి చూడకుండా పోయిన నీ బాకీ బుజ్జి తీర్చేసింది. చెల్లు.